మేజోళ్ళూ, వెండి కవచమూ

మా ఊళ్ళో అబద్ధమాడటం కష్టం. ఇతర ఊళ్ళలో సులభమని కాదు గానీ, మా ఊరికి ఆ పేరు పడిపోయింది. అప్పు తీసుకుని తీసుకోలేదన్నవాడినీ, తాగుడు మానేశానని ఇంటిదానికి మాట ఇచ్చినవాడినీ, గట్టు జరిపి జరపలేదన్న దాయాదినీ, చివరికి ఒకరినొకరు తిట్టుకునే రాజకీయ నాయకులనూ అందరూ ఒకే మాట అడుగుతారు: “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” కోనేట్లో మునిగి వచ్చి వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి అబద్ధం చెప్పినవాడు బాగుపడడని ఈ ప్రాంతపు జనం నమ్మిక. కాణి అంటే మడిభూమి. పారకం అంటే నీరు పారడం. బావి తవ్వుతున్న ముగ్గురు అన్నదమ్ముల పారకు తగిలి స్వామి బయటపడినప్పుడు జనం కొట్టిన కొబ్బరికాయల నీళ్ళు ఒక కాణి మడిలో పారినాయనీ, అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందనీ స్థలపురాణం.

అటువంటి ఊళ్ళో కాపురముంటున్న దానను కనుక నిజమే చెప్తాను. నాకిప్పుడు అరవై ఆరో ఏడు నడుస్తున్నది. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితురాలిగా పనిచేసి 2019లో విశ్రాంతి పొందాను. గత రెండేళ్ళుగా చీర కింద మోకాలి దాకా బిగుతైన మేజోళ్ళు తొడుక్కుంటున్నాను. సాయంత్రం నడకకు వెళ్ళేటప్పుడు చీర కూడా కట్టను. పొడుగు కుర్తా, లెగ్గిన్స్. “టీచరమ్మకు ఈ వయసులో సోకులు పుట్టినాయి” అని వీధి చివర అరుగు మీద ఒక మాట పుట్టి, నాలుగు ఇళ్ళు తిరిగి నా దగ్గరకు వచ్చింది. ఆ మాటకు జవాబుగా ఇది మొదలుపెట్టాను గానీ, రాస్తూ ఉంటే జవాబు చెప్పవలసింది ఆ అరుగుకు కాదని తేలింది. ఆ సంగతి చివర చెప్తాను.

ముందు కాళ్ళ సంగతి. బడిపంతులు ఉద్యోగమంటే నిలువుకాళ్ళ ఉద్యోగం. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం మా గురువులు మాకు నేర్పలేదు. తిరుపతి ప్రాచ్య కళాశాలలో మాకు వ్యాకరణం చెప్పిన పెద్దాయన డెబ్బై ఏళ్ళకు దగ్గరపడినా నిలబడే సూత్రం వివరించేవారు. నేనూ అంతే. రోజుకు ఆరు పీరియడ్లు, మధ్యలో ప్రార్థన, భోజనాల దగ్గర పర్యవేక్షణ. నలభై అయిదో ఏట ఎడమ పిక్క మీద వానపాము వంటి నీలపు నరం ఒకటి తేలింది. పట్టించుకోలేదు. యాభై దాటేసరికి రెండు కాళ్ళ మీదా తీగలు అల్లుకున్నాయి. సాయంత్రానికి చీలమండలు వాచి, పట్టీల ఒత్తు చర్మం మీద గుండ్రంగా పడేది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసేవి. విశ్రాంతి తీసుకున్న తరువాత తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరిగదా, చీలమండ పైన చర్మం నల్లబడి దురద మొదలైంది.

మా వారు బలవంతం చేస్తే రాయవేలూరు వెళ్ళాము. చిత్తూరు జిల్లా వాళ్ళకు పెద్ద జబ్బంటే రాయవేలూరే గుర్తుకు వస్తుంది. అక్కడి వైద్యురాలు కాళ్ళకు స్కాను తీయించి, కాగితం మీద బొమ్మ గీసి నాకు పాఠం చెప్పింది. గుండె నుంచి కిందికి దిగే రక్తానికి గుండె తోపు ఉంటుంది. కాళ్ళ నుంచి పైకి ఎక్కవలసిన రక్తానికి ఆ తోపు చాలదు. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి సిరలను నొక్కి రక్తాన్ని పైకి పంపుతుంది. పంపిన రక్తం మళ్ళీ కిందికి జారకుండా సిరలలో చిన్న చిన్న తలుపులుంటాయి. కదలకుండా గంటల తరబడి నిలబడేవారిలో పిక్క పనిచేయదు, రక్తం కింద నిలిచిపోతుంది, సిరలు సాగిపోతాయి, తలుపులు సరిగా మూసుకోవు. “పిక్క రెండో గుండె అమ్మా” అన్నది ఆమె. ముప్పై నాలుగేళ్ళలో నేను చెప్పిన ఏ ఉపమానమూ ఇంత సూటిగా లేదు.

శస్త్రచికిత్స అవసరం ప్రస్తుతానికి లేదు, రోజూ నడవండి, కూర్చున్నప్పుడు కాళ్ళు ఎత్తుగా పెట్టుకోండి, బిగుతు మేజోళ్ళు వాడండి అని చెప్పి చీటీ రాసింది. అయితే ముందు కాలిలోని ధమనుల్లో రక్తం బాగా పారుతున్నదో లేదో చూడాలని చేతికీ చీలమండకూ రక్తపు పోటు కొలిపించింది. ధమనులు మూసుకుపోతున్నవారు ఈ మేజోళ్ళు తొడిగితే మేలు బదులు కీడు జరుగుతుందట. చదివేవారిలో ఎవరికైనా కాళ్ళ బాధ ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. నన్ను చూసి మీరూ కొనుక్కోకండి, ముందు వైద్యుడికి చూపించుకోండి.

ఇక ఎంపిక. ఆ ప్రహసనం పెద్దది. మొదట నేను చీటీని పక్కన పెట్టి, ఒక మందుల దుకాణంలో అందరికీ ఒకే కొలత అని అమ్మేవి చవకగా వస్తే కొన్నాను. రెండు గంటలకే పై అంచు చుట్టలు చుట్టుకుని మోకాలి కింద తాడు బిగించినట్టయింది. పైన బిగుసుకుని కింద వదులైతే రక్తం పైకి ఎక్కడానికి బదులు అక్కడే ఆగిపోతుంది. మంచి మేజోడులో బిగువు చీలమండ దగ్గర ఎక్కువగా ఉండి, పైకి పోనుపోను తగ్గుతూ వస్తుంది. ఆ బిగువును పాదరసపు మిల్లీమీటర్లలో లెక్కిస్తారు. జర్మను పద్ధతిలో మొదటి తరగతి 18 నుంచి 21 దాకా, రెండో తరగతి 23 నుంచి 32 దాకా. నాకు రాసింది రెండో తరగతి. “ఇన్నేళ్ళు తరగతులు చెప్పి చివరికి రెండో తరగతిలో చేరినావు” అని మా వారు నవ్వారు.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని, వైద్యసామగ్రి అమ్మే చోటికి పొద్దున్నే వెళ్ళాను. సాయంత్రం వాచిన కాలికి కొలత తీస్తే ఆ కొలత కాలిది కాదు, వాపుది. అక్కడి అమ్మాయి టేపు తీసుకుని చీలమండ పైన సన్నని చోట ఒక కొలత, పిక్క లావైన చోట ఒక కొలత, మడమ నుంచి మోకాలి మడత దాకా నిడివి ఒక కొలత తీసింది. రెండు కాళ్ళకూ వేరు వేరుగా తీసింది. రవికెకు కూడా నేనెప్పుడూ ఇంత శ్రద్ధగా కొలతలు ఇవ్వలేదు.

“వేళ్ళు మూసినవి కావాలా, తెరిచినవి కావాలా అమ్మా?” అని అడిగింది. నాకు మెట్టెలున్నాయి. మూసినవి తొడిగితే మెట్టెకు దారం తగులుకుని చిరుగుతుంది. మెట్టెలు తీయడానికి మనసొప్పదు. తెరిచినవే తీసుకున్నాను. పట్టీలు మాత్రం తీసి బీరువాలో పెట్టాను. నలభై ఏళ్ళ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే మొదటి వారం రోజులు నా ఇంట్లో నేనే దొంగలా తిరుగుతున్నట్టు అనిపించింది.

తరువాత రంగు. ఆ పిల్ల ఒక జత నా ముందు పరిచి “స్కిన్ కలరు అమ్మా” అన్నది. వేయించని గోధుమ పిండి రంగు. నా చామనచాయ కాలి మీద పెట్టి చూస్తే ఎవరి కాలినో తెచ్చి నాకు అతికించినట్టుంది. “ఎవరి చర్మమమ్మా ఇది?” అని అడిగాను. అది కూడా నవ్వి, “అందరూ ఇట్లే అడగతారమ్మా, కానీ కంపెనీ వాళ్ళు పంపేది ఇదే” అన్నది. నలుపు కావాలన్నాను. నలుపు నిజం చెప్తుంది. నేను మేజోడును అని చెప్తుంది. చర్మంలా నటించదు.

తొడగడం అనేది వేరే యోగాసనం. పొద్దున్నే మంచం దిగకముందే, కాలు వాచకముందే తొడగాలి. మేజోడును మడమ దాకా లోపలికి తిరగేసి, పాదాన్ని ముందు దూర్చి, మడమ గూడు మడమకు సరిగా అమరిన తరువాత కొంచెం కొంచెంగా పైకి తేవాలి. పై అంచు పట్టుకుని లాగితే అయిపోయింది, చినిగిందన్నమాటే. ముడత ఒక్కటి కూడా ఉండకూడదు. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు చేతికి వేసుకుంటే పట్టు చిక్కుతుంది. ఈ చిట్కా కనిపెట్టింది మా వారే. తపాలా శాఖలో సంచులకు సీళ్ళు వేసిన చేతులు ఇప్పుడు నా కాళ్ళకు మేజోళ్ళు తొడుగుతున్నాయి. మొదటి రోజు ఇరవై నిమిషాలు పట్టింది, ఇప్పుడు నాలుగు. రాత్రి తీసి, తేలికపాటి సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా తువాలులో ఒత్తి నీడన ఆరవేయాలి. ఆరు నెలలకు సాగుడు చచ్చిపోతుంది, మార్చాలి. అందుకే రెండు జతలు. లోపావడా నూలుదైతేనే మంచిది. నైలాను మీద పాలియెస్టరు పడితే నడిచినప్పుడల్లా కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి.

గుడికి వెళ్ళే రోజున మాత్రం ఒక సవరణ చేసుకున్నాను. స్వామి సన్నిధిలో పాదం నేలకు తగలాలని నా పట్టింపు. అందుకని తెల్లవారుజామునే వెళ్ళి వచ్చి, ఇరవై నిమిషాలు కాళ్ళు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని పడుకుని, అప్పుడు తొడుగుతాను. శాస్త్రానికీ వైద్యానికీ రాజీ కుదిరింది.

పండిత శిక్షణ పొందిన దానను. వస్తువు చేతికి వస్తే దాని మాట వెంట పోకుండా ఉండలేను. మేజోడు అనే మాటను పారసీ ‘మోజా’తో ముడిపెడతారు. అది హిందీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చిందనడం సమంజసమే. కానీ తెలుగువాడి చెవికి ఆ మాట అంతటితో ఆగదు. ‘మే’ అంటే మేను, ‘జోడు’ అంటే జత. అంతేకాదు, జోడు అంటే కవచం కూడా. యుద్ధానికి వెళ్ళేవాడు జోడు తొడుగుకుంటాడని మన పాత కావ్యాలు చదివినవారందరికీ తెలుసు. మేజోడు అంటే మేనికి కవచం అని విడదీసుకుంటే ఎంత చక్కగా ఉన్నది! శాస్త్రీయమైన వ్యుత్పత్తి అని వాదించను. నా కాలికి మాత్రం అదే సరైన వ్యుత్పత్తి.

బిగుతు బట్ట మనకు కొత్తదనేవారిని చూస్తే నాకు నిఘంటువు తెరిచి చూపాలనిపిస్తుంది. చల్లడం అని ఒక మాట ఉన్నది: మల్లులూ భటులూ తొడిగే పొట్టి బిగుతు లాగు. శరాయి, ఇజారు అన్న మాటలు మన తాతల నోట నలిగినవే. పైజామా అంటే పారసీలో కాలిబట్ట. చూడీదారులోని చూడీ అంటే గాజు. చీలమండ దగ్గర ముడతలు గాజుల్లా పేర్చుకుంటాయి కనుక ఆ పేరు. విజయనగర రాజసభలో పొడుగాటి కుళ్ళాయీ కబాయీ మర్యాద దుస్తులైనాయి. రెండూ పడమటి నుంచి వచ్చినవే. తిరుమల గుడిలో దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహం తల మీద ఆ కుళ్ళాయి ఇప్పటికీ ఉన్నది. అటువంటి రాయల వారి సీమలో పుట్టి, పరాయి దుస్తు అని లెగ్గిన్స్‌ను వెలివేయడం మనకు తగునా?

మరి పడమటి మేజోడు కథ కూడా తమాషా అయినదే. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే మతాచార్యుడు మేజోళ్ళు అల్లే మగ్గం కనిపెట్టాడు. చేత్తో అల్లుకుని బతికే బీదల నోట మట్టి పడుతుందని ఎలిజబెత్ రాణి అతనికి హక్కుపత్రం ఇవ్వలేదని చెప్తారు. అప్పట్లో ఆ దేశంలో బిగుతు మేజోళ్ళు ఆడవారి సొత్తు కాదు. పిక్కలు చూపించుకుని తిరిగినవారు మగవారే. 1940 మే నెలలో అమెరికా అంతటా నైలాను మేజోళ్ళు అమ్మకానికి వస్తే దుకాణాల ముందు ఆడవారు బారులు తీరారు. యుద్ధం వచ్చి నైలానంతా పారాచ్యూట్లకు పోతే, కాలి వెనుక పెన్సిలుతో కుట్టు గీత గీసుకుని మేజోళ్ళు ఉన్నట్టు నటించారట. 1958లో డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు సాగే నూలు తయారుచేశాడు. ఇవాళ నా కాలిని పట్టి ఉంచేది ఆ నూలే. నా మనుమరాలి లెగ్గిన్స్‌లో నూటికి నాలుగయిదు పాళ్ళు కలిసేదీ అటువంటిదే. మనకు దక్షిణాన ఉన్న తిరుప్పూరు ఈ అల్లిక బట్టల మీదే బతుకుతున్నది.

లెగ్గిన్స్ ఎంపిక నాకు నేర్పింది ఆ మనుమరాలే. నడకకు చీర అడ్డం పడుతున్నదని నేను సణిగితే, “అవ్వా, నాతో రా” అని చిత్తూరు బజారుకు తీసుకుపోయింది. అక్కడ నేను విద్యార్థిని, పందొమ్మిదేళ్ళ పిల్ల ఉపాధ్యాయిని. బట్టను రెండు చేతులా అడ్డంగా సాగదీసి వెలుతురుకు పట్టి చూడాలి. తెల్లగా పలచబడితే వంగినప్పుడు పరువు పోతుంది. నిలువునా అడ్డంగా రెండు వైపులా సాగేదే మోకాలి దగ్గర సంచిలా వేలాడకుండా ఉంటుంది. చీలమండ దాకా ఉండేది ఒక రకం, ముడతలు పడేలా పొడుగ్గా ఉండేది ఇంకొక రకం. పొట్టివారు ముడతలది వేసుకుంటే ఇంకా పొట్టిగా కనిపిస్తారు. నడుము పట్టీ వెడల్పుగా ఉంటే కడుపు మీద గాటు పడదు. ముదురు రంగులు మొదటి రెండు ఉతుకులు విడిగా ఉతకాలి. కుర్తా పక్క చీలిక ఎక్కడిదాకా ఉన్నదో చూసుకోవాలి. “ఇవన్నీ ఎవరు నేర్పినారే?” అంటే, “ఎవరూ నేర్పలేదవ్వా, చినిగి చినిగి నేర్చుకున్నాను” అన్నది.

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలి కూతురు ఫోనులో ఇంకొక అధ్యాయం చెప్పింది. అక్కడ సంక్రాంతి సంబరాలకు పట్టుచీర కింద మందమైన టైట్స్ తొడగనిదే కారు దాకా నడవలేరట. వాటి మందాన్ని డెనియరు అనే కొలతలో చెప్తారు: తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పదిహేను, ఇరవై అయితే చర్మం కనిపించే పొర. నలభై దాటితే ముసుగు. ఎనభై, నూరు అయితే చలికి కోట. “పిన్నమ్మ పెళ్ళినాటి కంచిపట్టు కింద నూరు డెనియర్ల నల్ల టైట్స్, ఎవరికి కనిపిస్తాయి పెద్దమ్మా?” అని నవ్వింది.

కనిపించనంత కాలం ఎవరికీ బాధ లేదు. కనిపిస్తేనే గొడవ. తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్ళే ఆడవారు చీర గాని, లంగా ఓణీ గాని, పైట వేసిన చూడీదారు గాని ధరించాలి. అది క్షేత్ర మర్యాద, నాకు అభ్యంతరం లేదు. పొరుగున తమిళనాడులో 2015 చివర ఒక న్యాయమూర్తి గుళ్ళలో లెగ్గిన్స్, జీన్స్ కూడదని ఉత్తరువిస్తే, 2016 జనవరి ఒకటి నుంచి అమలుచేశారు. అదే నెలలో పై ధర్మాసనం దానిని నిలిపివేసింది. ఆ రోజుల్లో ఉపాధ్యాయుల గదిలో దాని మీద పెద్ద చర్చ జరిగింది. నేను నిషేధం పక్షాన గట్టిగా వాదించాను. “కాలి ఆకారం కనిపించే బట్ట బట్టే కాదు” అన్నాను. నా చీర కింద నా కాళ్ళు అప్పటికే తీగలు పారి ఉన్నాయి. అవి ఎవరికీ కనిపించవు కనుక నాకు ఆ ధైర్యం.

ఇప్పుడు మొదట చెప్తానన్న సంగతి. తనదాకా వస్తే గాని తెలియదంటారు. నాకు వచ్చాక తెలిసింది. కాణిపాకంలో ఉండి దాచలేను.

2009 ఆగస్టు. స్వాతంత్ర్య దినానికి కవాతు సాధన చేయిస్తున్నాము. ఎనిమిదో తరగతి ఆడపిల్లల వరుస నాది. నీలం స్కర్టు, తెల్ల చొక్కా, తెల్ల సాక్సు. మొదటి వరుసలో ఒక పిల్ల నల్లని పొడుగు మేజోళ్ళు, తొడల దాకా ఉండేవి, తొడుక్కుని వచ్చింది. ఎండ మండిపోతున్నది. వరుస మొత్తం మీద ఆ నలుపు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపించింది. “ఏమిటే ఆ వేషం? బడికి వచ్చినావా, సినిమాకు వచ్చినావా? పోయి విప్పేసి రా” అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. “మేడమ్, రేపటి నుంచి...” అన్నది. నేను వినలేదు. అందరి ఎదుట మళ్ళీ అన్నాను, ఇంకొంచెం గట్టిగా.

పోయి వచ్చింది. మోకాళ్ళ నుంచి చీలమండల దాకా తెల్ల మచ్చలు. బొల్లి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వినవారిని కూడా నేను మందలించలేదు, నోరు రాలేదు. “సరే, నిలబడు” అన్నాను. ఆ పిల్ల మొదటి వరుసలోనే నిలబడి, నా ఈలకు కాళ్ళు ఎత్తి దించుతూ గంటసేపు కవాతు చేసింది. తల మాత్రం ఎత్తలేదు. పదిహేనో తేదీన రాలేదు. తరువాత వేరే బడికి మారిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. క్రమశిక్షణ అన్న మాట కింద ఆ రోజును మడిచి పెట్టేశాను.

నిరుడు బ్రహ్మోత్సవాలలో, చవితి మొదలు ఇరవై ఒక్క రోజులూ ఊరు జనంతో కిక్కిరిసి ఉంటుంది కదా, గరికా పూలూ అమ్మే ఒకామె దగ్గర ఆగాను. ఆమె నా కాళ్ళ వంక చూసింది. “బాగుండారా టీచరమ్మా? కాళ్ళకేమయింది, నల్లవి తొడుక్కున్నారు?” అన్నది. నరాల జబ్బని చెప్పాను. “మా పాప గుర్తుండాదా మీకు?” అని పేరు చెప్పింది. గరిక కట్ట నా చేతిలో అలాగే ఉండిపోయింది.

“గుర్తున్నది” అన్నాను. ఇంకేమని అనను?

“బెంగుళూరులో ఉండాదమ్మా. లెక్కలు చూసే ఉద్యోగం. ఆ పొద్దు జరిగింది ఇప్పుటికీ చెప్తా ఉంటాది. కోపంగా కాదులే” అన్నది, మాల కడుతూనే.

“తప్పు నాది తల్లీ. ఆ రోజు నేను చాలా పెద్ద తప్పు చేసినాను” అన్నాను.

ఆమె మాల ఆపి నా వంక చూసింది. “ఆ మాట దానితో చెప్పండమ్మా. నాతో చెప్తే నేనేం చేసేది?” అన్నది. పూలు చుట్టే కాగితం మీద నాచేతనే ఫోను నంబరు రాయించింది.

ఆ కాగితం పదకొండు రోజులు నా పుస్తకంలో ఉన్నది. ఆ పదకొండు రోజులూ నేను గుడికి వెళ్ళలేదు. మా స్వామికి వెనుకటి తరంలో ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఉన్నది. స్వామి పెరుగుతున్నాడనీ, ఆ కవచం ఇప్పుడు పట్టదనీ చెప్తారు. ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ నేనే ఈ కథ గర్వంగా చెప్తాను. ఆ రాత్రులలో అది వేరేగా గుర్తుకు వచ్చింది. దేవుడికి కవచం పట్టకపోతే ఆయనను కోసి పట్టించాలని ఎవరూ అనలేదు. కవచాన్నే పక్కన పెట్టారు. పదమూడేళ్ళ పిల్ల తన కోసం తాను ఒక కవచం కుదుర్చుకుంటే నేను నడిబయట ఒలిపించాను.

పన్నెండో రోజు ఫోను చేశాను. ముందు తడబడ్డాను, తరువాత జరిగింది జరిగినట్టు చెప్పి, క్షమించమని అడిగాను. అవతల చాలాసేపు మాట లేదు.

“మేడమ్, అవి మా అమ్మ పూలమ్మిన డబ్బుతో చిత్తూరులో కొన్నవి. నేను ఏడ్చి కొనిపించుకున్నాను. ఆ రోజు తరువాత మళ్ళీ వేసుకోలేదు” అన్నది.

నేనేమీ అనలేకపోయాను.

“ఇప్పుడు నేను ఏమీ కప్పుకోను మేడమ్. ఉన్న కాళ్ళతోనే తిరుగుతాను. కానీ అది మీరు విప్పమన్నందుకు కాదు. నాకు అక్కడిదాకా రావడానికి పదేళ్ళు పట్టింది” అన్నది. కొంచెం ఆగి, “మీరు మాత్రం మానకండి. డాక్టరు చెప్పినారు కదా” అన్నది.

క్షమించానని అనలేదు. అడిగినంత మాత్రాన ఇవ్వవలసిన వస్తువు కాదది. ఈసారి చవితికి ఊరికి వస్తానన్నది, వస్తే మా ఇంటికి రమ్మన్నాను, చూస్తానన్నది.

తోటి ఉపాధ్యాయులు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట. పిల్ల ఒంటి మీద అదనంగా ఒక గుడ్డ కనిపిస్తే అది సోకు అని తేల్చేముందు, పక్కకు పిలిచి, మెల్లగా, ‘ఎందుకమ్మా’ అని అడగండి. నాకు ఆ రెండు మాటలు అప్పుడు రాలేదు, వ్యాకరణమంతా వచ్చు.

అరుగు మీదివారికి కూడా జవాబు చెప్పి ముగిస్తాను. అవును, తొడుక్కుంటున్నాను. రెండో తరగతి, నలుపు, వేళ్ళు తెరిచినవి. వాపు సగానికి సగం తగ్గింది. రాత్రి పిక్కలు పట్టడం లేదు. సాయంత్రం కోనేటి దాకా నడిచి వస్తున్నాను. ఇంకెవరైనా అడిగితే ప్రమాణం చేసి చెప్పడానికైనా సిద్ధమే. గుడి దగ్గరే కదా.